ఎడమ చేతి మనవి

పెట్టె తాళంచెవి ఇచ్చెయ్యమని పాస్టరుగారు అడిగినప్పుడు, ఆయన సరదాకి అంటున్నారనుకుంది తపాలక్క.

"ఏం, కొత్త పెట్టె చేయిస్తున్నారా? కీలు వదులైందని నేనే చెబుదామనుకుంటున్నా" అంది, చేతిసంచిలోంచి గుత్తి తీయకుండానే.

"పెట్టె బాగానే ఉందమ్మా. వచ్చే బుధవారం నుంచి కొన్నాళ్ళు చీటీలు టైలరమ్మ చదువుతుంది."

తపాలక్క నెత్తిన పిడుగు పడ్డట్టయింది.

"నా వల్ల తప్పేమైనా జరిగిందా?"

"తప్పని కాదు. ఒకరికి మాటిచ్చాను. అంతకుమించి నన్ను అడక్కు."

ఒకరికి మాటిచ్చారట! ఆ ఒకరెవరో వేరే చెప్పాలా? నాలుగు నెలల క్రితం మెడలో కొలతల టేపుతో వచ్చి చర్చి చివరి బెంచీలో ఒదిగి కూర్చున్న మనిషి. తపాలక్క గుత్తిలోంచి చిన్న ఇత్తడి తాళంచెవిని విడదీసింది. రింగు బిగుసుకుపోయి ఉంది. గోరు విరిగింది. తాళంచెవి పాస్టరుగారి అరచేతిలో పెట్టి, "మీ ఇష్టం, మీ చర్చి" అని వెనక్కి తిరిగి చూడకుండా మెట్లు దిగింది.

ఆ పెట్టె గురించి చెప్పాలి. చర్చి గుమ్మం పక్కన గోడకు బిగించిన చెక్కపెట్టె అది. పక్కనే తెల్లకాగితం ముక్కలు, దారానికి కట్టిన పెన్సిలు. ఎవరికే కష్టం వచ్చినా చీటీ రాసి అందులో వేస్తారు. బుధవారం సాయంత్రం పెట్టె తెరిచి ఒక్కో చీటీ పైకి చదువుతారు. ఒక్కోదానికీ అందరూ కలిసి ప్రార్థన చేస్తారు. తర్వాత పెరట్లో ఇనప మూకుడులో వేసి చీటీలన్నీ కాల్చేస్తారు. రూళ్ళు రెండే. పేరు రాయకూడదు. రాసినదాన్ని ఉన్నది ఉన్నట్టు చదవాలి, ఒక్క అక్షరం మింగకూడదు. ఆ రెండు రూళ్ళూ పెట్టింది తపాలక్కే. పదిహేనేళ్ళుగా చదువుతున్నదీ ఆమే.

ఆమె ఉద్యోగం పోస్టాఫీసులో. గళ్ళ బీరువా ముందు నిలబడి ఉత్తరాలు వీధుల వారీగా గళ్ళలో వేస్తుంది. ఇరవై రెండేళ్ళు చేతిరాతలు చూసిన కళ్ళు. 'కు' కొమ్ము చూసి మనిషిని చెప్పేస్తుంది. చర్చిలో పేరు లేని చీటీ విప్పినా అంతే, చదువుతూ చదువుతూ ఆమె చూపు తనంతట తానే రాసినవాళ్ళ మీదికి వెళ్ళి వాలేది. ఆ చూపులో ఎంత ప్రేమ ఉండేదో ఆమెకే తెలుసు. వాళ్ళు చప్పున తల దించుకునేవాళ్ళు. అది భక్తి అనుకునేది తపాలక్క.

*

ఇంటికెళ్ళేసరికి వసారాలో తమ్ముడు సైన్‌బోర్డు రాస్తున్నాడు. ఊళ్ళో సగం బోర్డులు వాడి చేతివే. వాడి తలకట్టు గాలిపటం తోకలా పైకి లేచి వంపు తిరుగుతుంది. ఎంత దూరం నుంచి చూసినా ఇది ఫలానా పెయింటరు రాత అని తెలిసిపోతుంది.

"ఎవరిదిరా ఈ బోర్డు?"

"టైలరమ్మది."

తపాలక్క చెప్పులు విసిరినట్టు విడిచింది. "ఊరికే రాసిపెడుతున్నావా?"

"కాజా కుట్టినందుకు బదులు. నా చొక్కాకి."

"ఒక్క కాజాకి ఇంత బోర్డా? ఐదు గుండీలూ కుట్టించుకుంటే ఇల్లు రాసిచ్చేసేలా ఉన్నావే!"

వాడు నవ్వలేదు. మామూలుగా అయితే ఎదురు రెండు మాటలు అంటించేవాడు. ఈమధ్య వాడు చిక్కాడు. అడిగితే టర్పెంటైన్ వాసనకి ఆకలి చచ్చిందంటాడు. సాయంత్రమైతే టైలరమ్మ కొట్టు అరుగు మీద కనిపిస్తున్నాడని పోస్టాఫీసులో ఇద్దరు చెవిన వేశారు కూడా.

"మీ టైలరమ్మకి నా తాళంచెవి కూడా ఇచ్చేశారు, తెలుసా? ముందు కిటికీ పక్క బెంచీ పట్టింది. తర్వాత ప్రభువు బల్లకి కొత్త గుడ్డ కుట్టి అందరి మెప్పూ కొట్టేసింది. ఇప్పుడు పెట్టె. రేపు పాస్టరుగారి కుర్చీ!"

తమ్ముడి కుంచె ఒక్క క్షణం బోర్డు మీద ఆగిపోయింది. రంగు కారింది. వాడు గుడ్డతో తుడుచుకుని, "కొన్నాళ్ళేగా అక్కా. నీకూ కాస్త విశ్రాంతి" అన్నాడు, తల ఎత్తకుండా.

వీడూ ఆవిడ పక్షమే. భర్త పోయినప్పుడు తపాలక్కకు ముప్ఫై ఒకటి. అప్పటి నుంచి ఆమెకున్నవి రెండే: ఈ తమ్ముడు, ఆ పెట్టె. రెండిటికీ ఒకే మనిషి ఎసరు పెట్టింది. ఆ రోజు అన్నం సహించలేదు ఆమెకు.

*

బుధవారం రానే వచ్చింది. టైలరమ్మ ముందుకొచ్చి నిలబడింది. నలభై ఏళ్ళుంటాయి. మెడలోంచి టేపు తీయడం మరిచిపోయి వచ్చింది. ఎవరో గుర్తు చేస్తే నాలిక కరుచుకుని చుట్టి సంచిలో పెట్టుకుంది. జనం నవ్వారు, ముద్దుగా. తపాలక్క పదిహేనేళ్ళలో ఒక్కసారి కూడా అలా నవ్వించలేదు.

టైలరమ్మ చీటీ విప్పింది. చదవడం మొదలుపెట్టింది. ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. చూపు కాగితం మీద కుట్టేసినట్టే ఉంది. గొంతు నెమ్మదిగా, ప్రతి చీటీ తనదే అన్నట్టు.

మూడో చీటీ చిన్నది. "భయంగా ఉంది. ఎందుకో చెప్పలేను. నా కోసం ప్రార్థించండి."

 ఇలాంటి చీటీ ఎప్పుడూ రాలేదు. పరీక్షలూ, మోకాళ్ళ నొప్పులూ, కోడళ్ళ మీద ఫిర్యాదులూ, ఇవే వచ్చేవి. ఎవరు రాశారిది? తపాలక్క మెడ సాచింది. ఒక్క అక్షరం కనిపిస్తే చాలు, చెప్పేస్తుంది. టైలరమ్మ కాగితాన్ని మడిచి గుప్పిట్లో పెట్టేసుకుంది.

బయటికొస్తుంటే మందుల షాపు పెద్దాయన అన్నాడు: "ఎంత బాగా చదివింది! మనసు తేలికైంది." ఆయన సంఘంలో పెద్ద. పదిహేనేళ్ళలో తపాలక్కతో ఆయన అన్న గొప్ప మాట, "కాస్త గట్టిగా చదవమ్మా, వెనక వినబడ్డం లేదు."

కడుపులో మంట అంటే మాటవరసకి అంటారనుకునేది ఆమె. నిజంగానే మండుతుందని ఆ రోజు తెలిసింది.

*

మరుసటి నెల మొదటి మంగళవారం. తపాలక్క పోస్టాఫీసుకి వెళుతూ బస్టాండు దగ్గర ఆగిపోయింది. పాస్టరుగారు, టైలరమ్మ పక్కపక్కన నిలబడి ఉన్నారు. ఆయన చేతిలో ఫైలు, ఆవిడ చేతిలో గుడ్డసంచి. పెద్దాసుపత్రి వైపు వెళ్ళే బస్సు వచ్చింది. ఇద్దరూ ముందు తలుపు నుంచి ఎక్కారు.

తపాలక్క వెనక తలుపు నుంచి ఎక్కింది. ఇరవై రెండేళ్ళలో చెప్పకుండా ఒక పూట సెలవు పెట్టడం అదే మొదటిసారి.

దొరికారు! పాస్టరమ్మగారు పాపం ఇంట్లో ఆదివారం బడి పిల్లలకి బొమ్మలు కత్తిరిస్తూ కూర్చుని ఉంటుంది. ఇక్కడేమో వీళ్ళ షికార్లు. ముందు నిలబడ్డ లావుపాటాయన భుజం చాటు నుంచి చూస్తూ, తాను ఎవరెవరికి ఏ వరసలో చెప్పాలో కూడా తపాలక్క ఆలోచించేసుకుంది.

వాళ్ళు ఆసుపత్రి దగ్గరే దిగారు. పొడుగాటి వరండా, చివర నీలం బెంచీలు, ఒక కౌంటరు. పాస్టరుగారు బెంచీ మీద కూర్చున్నారు. టైలరమ్మ వరసలో నిలబడింది. తపాలక్క స్తంభం చాటున ఆగి, పక్కనే తుడుస్తున్న ఆయమ్మని అడిగింది.

"ఇక్కడ ఏం మందులిస్తారమ్మా?"

ఆయమ్మ ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. "కొత్తా? ముందు టోకెను తీసుకో. భయపడకు, మొదటిరోజు అందరూ ఇలాగే స్తంభం చాటున నిలబడతారు."

"నాకు కాదు!"

"అందరూ అదే అంటారు."

"అయ్యో, నిజంగా నాకు కాదమ్మా!"

ఆమె గొంతు కాస్త పెద్దదైంది. బెంచీ మీద ఇద్దరు తలతిప్పి చూశారు. ఆ రెండు చూపులకే తపాలక్క చెవులు వేడెక్కి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకోవాలనిపించింది. ఆయమ్మ చీపురుకట్టతో పైకి చూపించింది. కౌంటరు పైన బోర్డు: హెచ్ఐవి, ఎయిడ్స్ చికిత్సా కేంద్రం.

"మొదటి మంగళవారం ఎప్పుడూ ఇంతే రద్దీ" అని ఆయమ్మ తన పనిలో పడింది.

అద్దం వెనక మనిషి మందుల డబ్బాలు ముందుకు తోశాడు. టైలరమ్మ వాటిని గుడ్డసంచిలో వేసుకుంది, కూరగాయలు వేసుకున్నంత మామూలుగా.

 తపాలక్కకు మొదట వచ్చింది సంతోషం. అవును, సంతోషమే, దాన్ని వేరే పేరుతో పిలవడానికి వీల్లేదు. దాని వెనకే భయం. తమ్ముడు! రోజూ ఆ అరుగు మీద కూర్చునే తమ్ముడు! వాడు ఈవిణ్ణి చేసుకుంటానంటే?

గబగబా మెట్లు దిగి వచ్చిన బస్సు ఎక్కేసింది. ఇంకో ఐదు నిమిషాలు ఆ స్తంభం చాటున ఆగి ఉంటే ఈ కథ వేరేలా నడిచేది. కానీ ఆమె ఆగలేదు.

*

మధ్యాహ్నం పోస్టాఫీసులో భోజనాల వేళ అందరూ బయటికెళ్ళారు. తపాలక్క గళ్ళ బీరువా వెనక్కి చేరి, పెన్ను ఎడమ చేత్తో పట్టుకుంది.

ఇది పగ కాదు, సంఘం మేలు కోసం. తమ్ముడి మేలు కోసం. పేరు రాయడం లేదుగా! రూలు ప్రకారమే. ఇక చదవాల్సింది టైలరమ్మ. ఉన్నది ఉన్నట్టు చదవాలి. ఆవిడ నోటితోనే ఆవిడ గుట్టు. ఈ ఆలోచన వచ్చినప్పుడు తపాలక్కకు తన మీద తనకే కాస్త భయం వేసింది. అయినా చెయ్యి ఆగలేదు.

ఎడమ చేతి అక్షరాలు తాగి నడుస్తున్నట్టు తూలాయి. నాలుగు వరసలు రాయడానికి పావుగంట పట్టింది. తానే పరీక్షగా చూసుకుంది. ఎవరి రాత? ఎవరిదీ కాదు. బ్రహ్మాండం. పోతూపోతూ చర్చి పెట్టెలో వేసేసింది.

చేతిరాతల మనిషి కనుక చేతిరాతనే దాచింది. కాగితం సంగతి ఆమెకు తట్టలేదు. రోజూ పొద్దున్నే తేదీ మార్చాక ముద్ర సరిగ్గా పడుతుందో లేదో ఓ చిత్తుకాగితం మీద కొట్టి చూడటం ఆమె పని. ఆ ముక్కలు పారేయబుద్ధి కాదు. సరుకుల చీటీ అయినా, చాకలి పద్దయినా వాటి వెనకే రాస్తుంది. ఆ రోజూ చెయ్యి అలవాటుగా అదే దొంతరలోకి వెళ్ళింది. నాలుగు వరసల వెనక, గుండ్రంగా, నల్లగా, పోస్టాఫీసు ముద్ర. ముందురోజు తేదీతో సహా.

*

మర్నాడు హాలు నిండింది. తమ్ముడు కూడా వచ్చాడు, ఈమధ్య బుధవారాలు తప్పడం లేదు. తపాలక్క చివరి వరసలో కూర్చుంది. 

రెండు చీటీలు అయ్యాయి. మూడోది విప్పింది టైలరమ్మ. కళ్ళు వరసల మీద పరుగెత్తాయి, ఆగాయి. కాగితాన్ని తిప్పి వెనక వైపు చూసింది. ఒక్క క్షణం. మళ్ళీ తిప్పింది.

ఆ ఒక్క క్షణంలో తపాలక్కకు కాగితం సంగతి గుర్తొచ్చింది.  ఇప్పుడు తల ఎత్తుతుంది. ఇప్పుడు నా వైపు చూస్తుంది. పదిహేనేళ్ళు నేను అందరి వైపూ చూసినట్టు.

టైలరమ్మ తల ఎత్తలేదు. చదివింది.

"పెద్దాసుపత్రిలో ప్రతి నెలా మొదటి మంగళవారం హెచ్ఐవి మందులు తెచ్చుకుంటున్న మన కొత్త సోదరి కోసం ప్రార్థించండి. ప్రభువు బల్ల దగ్గర అందరం ఒకే గిన్నెలో ద్రాక్షరసం తాగుతాం కనుక ఈ సంగతి అందరికీ తెలియడం మంచిది."



"కొత్త సోదరి అంటే నేనే" అంది టైలరమ్మ.  "రాసింది నిజమే. ఒక్కటే పొరపాటు, ప్రతి నెలా కాదు. మందులు సరిగ్గా వేసుకుని ఒంట్లో బాగుంటే మూడు నెలలకోసారి ఇస్తారు. నాకు బాగానే ఉంది. ఆరేళ్ళయింది. నా భర్తకి ఆలస్యంగా తెలిసింది, ఆయన లేరు. ప్రార్థన చేద్దామా?"

ఎవరూ కళ్ళు మూసుకోలేదు. మందుల షాపు పెద్దాయన లేచాడు.

"ప్రార్థనకేం, చేద్దాం. కానీ పాస్టరుగారూ, ఆదివారం బల్ల దగ్గర గిన్నె సంగతి ఏంటి? ఇంట్లో చిన్నపిల్లలున్న వాళ్ళం."

"మంచి ప్రశ్న" అన్నారు పాస్టరుగారు. "నేను చెబితే పాస్టరు కదా అలాగే అంటాడంటారు. మీరు ముప్ఫై ఏళ్ళుగా మందులమ్ముతున్నారు. మీరే చెప్పండి. ఒకే గిన్నెలో తాగితే అంటుతుందా?"

పెద్దాయన దగ్గాడు. "అంటే... శాస్త్రం ప్రకారం చూస్తే..."

"శాస్త్రం ప్రకారమే."

"అంటదు."

"పక్కన కూర్చుంటే?"

"అంటదండీ."

"ఆవిడ కుట్టిన చొక్కా వేసుకుంటే? మీరిప్పుడు వేసుకున్నదే."

ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దాయన తన చొక్కా వైపు చూసుకుని, "అంటదని చెప్పాను కదా!" అని కూలబడ్డాడు.

"తప్పు నాది కూడా" అన్నారు పాస్టరుగారు. "ఏళ్ళ తరబడి ఇక్కడ నిలబడి జబ్బుమనుషుల్ని ప్రేమించమని చెబుతున్నా. ఈ జబ్బు పేరు మాత్రం ఒక్కసారి కూడా నా నోట రాలేదు. ఇక్కడ పేరెత్తడానికే భయపడే మనిషికి మందు ఆసుపత్రి ఇస్తుంది. ఆ భయానికి మందు మనం ఇవ్వాలి. ఇంతకాలం ఇవ్వలేదు."

టైలరమ్మ వెళ్ళి తన బెంచీలో కూర్చుంది. ఆ బెంచీలో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు సంచులు సర్దుకున్నట్టు సర్దుకుని మెల్లగా పక్క వరసలోకి జరిగారు. అప్పుడు తమ్ముడు లేచాడు. హాలు మధ్యలోంచి నడిచి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాడు.

బయట మెట్ల మీద టైలరమ్మ తపాలక్క దగ్గరికొచ్చింది. మడిచిన కాగితం చేతిలో పెట్టింది. "దీన్ని మూకుట్లో వెయ్యలేదక్కా. ముద్ర ఉంది కదా, ఎవరైనా చూస్తారని."

కోపంగా అన్నా బాగుండేది.

*

ఇంట్లో తమ్ముడు కాళ్ళుకాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"ఎవడో తెలిస్తే ఆ చెయ్యి విరగ్గొట్టేవాణ్ణి!"

తపాలక్క చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సంచిలో ఆ కాగితం.

"ఆవిడంటే నీకెందుకురా అంత ఇది? చేసుకుంటావా ఏంటి?"

వాడు ఆగాడు.  తర్వాత రంగుల షెల్ఫు దగ్గరికెళ్ళి, టర్పెంటైన్ సీసా వెనక నుంచి పాత వార్నిష్ డబ్బా తీసి మూత విప్పాడు. లోపల మందుల డబ్బా. టైలరమ్మ సంచిలో పడ్డవాటిలాంటిదే.

"మూడు నెలలైంది తెలిసి."

ఆమె డబ్బా అందుకుని తిప్పి చూసింది.

"ఎలా వచ్చిందని అడుగుతావేమో..."

"అడగను" అంది తపాలక్క. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకే తెలియలేదు.

వాడు గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. "పాస్టరుగారికి చెప్పాను. ఆయన టైలరమ్మని పరిచయం చేశారు. కొత్తగా తెలిసినవాళ్ళకి ఆవిడ తోడుగా వెళుతుంది. నిన్న కూడా వాళ్ళిద్దరూ నా కోసమే వచ్చారు. నేను పని మీద నుంచి అటే వెళ్ళా, వాళ్ళొచ్చేసరికి నాకు లోపల రక్తం తీస్తున్నారు."

ఐదు నిమిషాలు. ఆగి ఉంటే వీడు బయటికి రావడం చూసేది.

"మొదట్లో ఎంత భయమేసిందంటే, అందరూ నా కోసం ప్రార్థన చేస్తే బాగుండుననిపించింది. చీటీ రాద్దామని పెట్టె దాకా వెళ్ళా. ఎలా రాయను? నా తలకట్టు చూస్తే ఊళ్ళో గుడ్డివాడు కూడా చెబుతాడు. నువ్వు చదువుతూ నా వైపు చూస్తావు. నీ చూపు వెంట అందరూ చూస్తారు. నేనే పాస్టరుగార్ని అడిగానక్కా, కొన్నాళ్ళు అక్క చదవకుండా చూడండి అని. మాటివ్వమన్నాను."

'భయంగా ఉంది. ఎందుకో చెప్పలేను.' ఎవరి రాతో చూడాలని ఆమె మెడ సాచిన చీటీ.

"నన్ను చూసి భయమేసిందా నీకు?"

"నిన్ను చూసి కాదు. నీ చూపుకి. నాకే కాదు, చాలామందికి."

ఆ క్షణంలో చెప్పెయ్యాల్సింది. సంచిలో చెయ్యి పెట్టింది కూడా. చెయ్యి విరగ్గొడతానన్న మాట గుర్తొచ్చింది. విరగ్గొడితే పరవాలేదు. వాడు లేచి వెళ్ళిపోతే మాత్రం తను బతకదు. చెయ్యి బయటికి తీసేసింది.

*

ఆదివారం బల్ల దగ్గర ద్రాక్షరసం గిన్నె వరస వరసగా సాగుతోంది. టైలరమ్మ బెంచీలో తమ్ముడు తప్ప ఎవరూ లేరు. వెనక వరసవాళ్ళు గిన్నె తమ దాకా వస్తుందేమోనని లెక్కలు వేసుకుంటున్నారు, మొహాల్లో తెలుస్తోంది. తపాలక్క లేచి వెళ్ళి ఆ బెంచీలో కూర్చుంది. టైలరమ్మ తాగి గిన్నె అందించింది. తపాలక్క అదే అంచు నుంచి తాగి తమ్ముడికి ఇచ్చింది. తర్వాత పాస్టరమ్మగారు వచ్చి కూర్చుంది. ఆ తర్వాత మొహం ముడుచుకుంటూనే మందుల షాపు పెద్దాయన.

బయటికొచ్చాక ఆయన చేతులు జోడించినంత పని చేశాడు. "నువ్వు లేవకపోతే మేమెవరం లేచేవాళ్ళం కాదమ్మా. ఎంత పెద్ద మనసు నీది!"

చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. ఇన్ని నెలలుగా టైలరమ్మకి దక్కుతున్న మెప్పంతా ఒక్కసారిగా తిరిగి ఆమె ఒళ్ళో పడింది. దీనికోసమే కదా ఇంత కుళ్ళుకున్నది! కానీ అది ఒళ్ళో పడ్డ నిప్పులా ఉంది. రెండడుగుల దూరంలో టైలరమ్మ నిలబడి వింటోంది.  తమ్ముడు అక్క వైపు గర్వంగా చూస్తున్నాడు.

ఆ గర్వం దగ్గరే తపాలక్క ఓడిపోయింది.

*

బుధవారం టైలరమ్మ నాలుగో చీటీ విప్పింది. కుడి చేతి రాత, గుండ్రంగా, తీర్చిదిద్దినట్టు. వెనక పోస్టాఫీసు ముద్ర. మొదటి వరస చదివి ఆగిపోయింది.

"పోయిన వారం..." అని, కాగితం మడవబోయింది.

వెనక వరసలోంచి తపాలక్క గొంతు వినిపించింది. "ఉన్నది ఉన్నట్టు చదవాలి. ఒక్క అక్షరం మింగకూడదు."

టైలరమ్మ ఊపిరి పీల్చుకుని చదివింది.

"పోయిన వారం కొత్త సోదరి గుట్టు ఎడమ చేత్తో రాసి వేసింది నేనే. సంఘం మేలు కోసమని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. కుళ్ళుతో రాశాను. పదిహేనేళ్ళు మీ చీటీలు చదువుతూ మీ వైపు చూసింది కూడా నేనే. ఆ చూపుకి భయపడి రాయలేకపోయిన వాళ్ళందరూ నన్ను క్షమించండి. నా కోసం ప్రార్థించండి."

ఎవరూ వెనక్కి తిరగనక్కర్లేదు. రాసిందెవరో అందరికీ తెలుసు. అయినా ఒక్కొక్క తలా తిరిగింది. ఆమె తల దించుకుంది. అది భక్తి కాదని ఇప్పుడు తెలిసింది.

తమ్ముడు లేచి బయటికి వెళ్ళిపోయాడు.

ప్రార్థన ముగిసింది. ఎవరు చేశారో, ఏమన్నారో ఆమెకు వినబడలేదు. పాస్టరుగారు దగ్గరికొచ్చి భుజం తట్టి ఏదో అన్నారు. టైలరమ్మ మాత్రం బెంచీ చివర కూర్చుని సూటిగా అడిగింది.

"క్షమించానని ఇవాళే చెప్పలేనక్కా. కొట్టుకి రెండు రోజులు ఎవరూ రాలేదు. కానీ వచ్చే నెల మొదటి మంగళవారం సెలవు పెడతారా?"

"దేనికి?"

"కొత్తగా వచ్చినవాళ్ళకి చేతులు వణుకుతాయి, ఫారాలు నింపలేరు. మీ రాత బాగుంటుంది. షరతు ఒక్కటే. కాగితం మీంచి కళ్ళు ఎత్తకూడదు."

తపాలక్క తలూపింది.

పెరట్లో తమ్ముడు మూకుడు ముందు గొంతుక్కూర్చుని, పాస్టరుగారు తెచ్చిచ్చిన చీటీలు ఒక్కొక్కటే మంటలో వేస్తున్నాడు. ఆమె వచ్చి పక్కన కూర్చుంది. ఆమె చీటీ వాడి చేతిలోనే ఉంది. అటూఇటూ తిప్పి చూస్తున్నాడు.

"విరగ్గొడతావా?" అని ఎడమ చెయ్యి చాచింది.

 వాడు మంట వైపే చూస్తూ, "మొన్నటిది మూకుట్లో కనబడలేదు. నీ దగ్గరుంటే అదీ ఇవ్వు" అన్నాడు.

సంచిలోంచి తీసి ఇచ్చింది. వాడు రెండూ కలిపి మంటలో వేశాడు. ముద్ర ఇంకు ముందు నల్లగా ఉబ్బి, తర్వాత అంటుకుంది.

"ఇంత అసహ్యమైన రాత నా జన్మలో చూళ్ళేదు" అన్నాడు.

ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కిటికీలోంచి లోపల ఆడవాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి. ఎవరో టైలరమ్మతో అంటున్నారు: "చీటీలు ఇక ఎప్పటికీ నువ్వే చదవాలమ్మా. నీ గొంతులో ఏదో ఉంది."

తపాలక్క దవడ బిగుసుకుంది. తమ్ముడు ఓరగా చూశాడు.

"ఇంకా కుళ్ళుగానే ఉందా?"

"ఉంది."

"అయితే చీటీ రాసి వెయ్యి" అన్నాడు వాడు. "ఈసారి కుడి చేత్తో."